చీకటి లెక్క

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నేనంటే తప్పులేదు గానీ, మా మామయ్య అంటే ఒళ్ళు మండుతుంది. ఆయన ముక్కు మీద ఉండేది కళ్ళద్దాలు. అవి మా ఆయన తన కొట్లో చేసిచ్చినవి. నావీ అక్కడివే. ఒకే మనిషి అరగదీసిన అద్దాల్లోంచి చూస్తూ కూడా, పెళ్ళయిన ఈ ఆరేళ్ళలో నేనూ మా మామగారూ సముద్రాన్ని ఒక్కనాడూ ఒకేలా చూడలేదు.

ఇద్దరం ఒకే సముద్ర పరిశోధన కేంద్రంలో పనిచేస్తాం. నాది రెండో అంతస్తులో ఉపగ్రహాల విభాగం. ఆయనది రేవు పక్కన రేకుల షెడ్డు. పరిశోధన పడవ మీద కొలతలన్నిటికీ ముప్ఫై రెండేళ్ళుగా ఆయనే ఇన్‌చార్జి, ఈ నెలాఖరుకి రిటైర్మెంటు. పని విషయానికొస్తే ఇద్దరిదీ ఒకటే. నీళ్ళలో బురద, నాచు, కంటికి కనబడని నలుసులు ఎంత ఎక్కువుంటే, లోపలికి దిగిన వెలుతురు వాటికి తగిలి అంత ఎక్కువ చెదురుతుంది. చెదిరిన దాంట్లో కొంత వెనక్కి తిరిగి పైకొస్తుంది. అదెంతో తెలిస్తే నీళ్ళలో ఏముందో చెప్పవచ్చు. ఆయన పరికరాన్ని నీళ్ళలో ముంచి కొలుస్తారు. నేను ఆకాశంలోంచి ఉపగ్రహం తీసిన బొమ్మలో సముద్రం రంగు చూసి లెక్కగడతాను.

"పైనుంచి చూసి సముద్రం సంగతి చెప్పడమంటే, వీధిలో నిలబడి వంటింట్లో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడమే" అంటారు మామయ్య.

"మరి మీరో? ఒక్క గరిటె రుచి చూసి ఊరందరి వంటకీ మార్కులు వేస్తారు!" అంటాను నేను.

మా అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. మాకు పేర్లు పెట్టేశారు. నేను ఆకాశం, ఆయన పాతాళం. "ఆకాశం, పాతాళం, ఇద్దరూ అన్నానికి లేవండి. మధ్యలో భూమ్మీద నేనొక్కదాన్నే చస్తున్నా" అని రోజూ రాత్రి కేకేస్తారు.

మామయ్య వెక్కిరింతలో కొంత నిజం లేకపోలేదు. ఉపగ్రహానికి అందే వెలుతురు పది పాళ్ళనుకుంటే, అందులో తొమ్మిది పాళ్ళు గాలి నుంచి వచ్చిందే. సముద్రం పంపింది ఒక్క పాలు. ముందు ఆ తొమ్మిదీ తీసేసి, మిగిలినదాంట్లోంచి నీళ్ళ గుట్టు లాగాలి. మా తీరంలో నీళ్ళు బురదనీళ్ళు, ఇతరుల లెక్కలు ఇక్కడ పనిచేయవు. అందుకని మూడేళ్ళు కూర్చుని ఈ తీరానికంటూ ఒక లెక్క తయారుచేశాను. అది నెగ్గితే మబ్బులేని ప్రతిరోజూ సముద్రం పటం బయటికి వెళుతుంది. చేపల పడవల వాళ్ళు చూసుకుంటారు, సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ఫ్యాక్టరీ వాళ్ళు ఏ రోజు నీళ్ళు తోడాలో చూసుకుంటారు.

మా డైరెక్టరమ్మ ఒకే పరీక్ష పెట్టారు. ఆకాశం తేటగా ఉన్న ఒక రోజు, ఉపగ్రహం మా నెత్తిమీదుగా వెళ్ళే గంటలో, పడవ కూడా అదే చోట కొలవాలి. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా వస్తే వచ్చే నెల నుంచి నా లెక్క వాడుకలోకి వస్తుంది. రాకపోతే పని మూసేసి నన్ను పంటపొలాల విభాగానికి పంపేస్తారు. పంటల మీద నాకేమీ కోపం లేదు. కానీ మూడేళ్ళ చాకిరీ అటకెక్కుతుందంటే ఎవరికి మాత్రం నిద్రపడుతుంది?

ఆ బుధవారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఉపగ్రహం వచ్చేది పది గంటల నలభై నిమిషాలకి. మామయ్య చేతికి వదిలేస్తే పనంతా నత్తనడక నడుస్తుందని నేనూ పడవెక్కాను.

కొలత మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ పరికరానికి ఒక నల్లటి ముఖం, దాని మీద రెండు చిన్న గాజు కిటికీలు ఉంటాయి. ఒకదాంట్లోంచి వెలుతురు బయటికి వెళుతుంది, ఇంకోదాంట్లోకి చెదిరిన వెలుతురు తిరిగివస్తుంది. ఏమీ కనబడనప్పుడు కూడా ఇది ఎంతో కొంత కనబడిందని చెబుతుంది. ఆ అబద్ధం ఎంతో ముందే తెలుసుకోవాలి. అందుకని కిటికీల మీద నల్లటేపు అంటించి, బకెట్టు నీళ్ళలో ముంచి, వచ్చిన అంకె రాసుకుంటాం. దాన్ని చీకటి లెక్క అంటాం. తరువాత కొలిచిన ప్రతి అంకెలోంచీ దాన్ని తీసేస్తాం.

టేపు విషయంలో మామయ్యకి ఒక పద్ధతి ఉంది. పీకిన టేపుని పారేయరు. కొలతలు రాసే పుస్తకంలో ఆ రోజు పేజీలో అంటించి, పక్కన సంతకం పెడతారు. "టేపు పుస్తకంలో ఉందంటే పరికరం మీద లేదని అర్థం" అంటారు. ఆఫీసులో అందరూ నవ్వుతారు. పీకిన తరువాత మెత్తటి గుడ్డతో గాజు తుడిచి, ఎండకి ఏటవాలుగా పట్టి చూస్తే గానీ నీళ్ళలోకి దించరు. అందరికంటే ఎక్కువ నవ్వేది నేనే.

ఆ రోజు పదీ ముప్ఫై అయిదుకి ఆయన ఇంకా గుడ్డ వెతుక్కుంటున్నారు.

"మామయ్యా, ఉపగ్రహం మీకోసం ఆగదు!"

"ఆగదులే అమ్మాయ్. మూల నుంచి మెల్లిగా లాగాలి, లేకపోతే..."

ఆ 'లేకపోతే' ఏమిటో నేను వినలేదు. పరికరం లాక్కుని, గోళ్ళతో టేపు చర్రున పీకి, ఆయన చేతిలో పెట్టి, తాడు కట్టి నీళ్ళలోకి దించేశాను. ఆయన ఏదో అనబోయి, నా ముఖం చూసి మానుకుని, టేపుని పుస్తకంలో అంటించి సంతకం పెట్టారు. ఆ సాయంత్రం పరికరాన్ని మంచినీళ్ళతో కడిగి పెట్టెలో పెట్టింది కూడా నేనే. ఉపగ్రహం బొమ్మ చూసుకోవాలన్న తొందర అలాంటిది.

గురువారం అంకెలు వచ్చాయి. సున్నాలన్నీ తీసేసి చెబితే, ఉపగ్రహం లెక్క ఇరవై. పడవ లెక్క పదకొండు.

పదిహేడో పద్దెనిమిదో వస్తే సర్దుకోవచ్చు. పదకొండంటే దాదాపు సగం. డైరెక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఒకరిది తప్పు. సోమవారం పొద్దున ఇద్దరూ రండి, తేల్చుకుందాం" అన్నారు.

ఇంట్లో ఆ రాత్రే మొదలైంది.

"నీళ్ళలో మునిగి చూసినదాన్ని నమ్మాలా, ఆకాశంలోంచి తొంగిచూసినదాన్ని నమ్మాలా?" అన్నారు మామయ్య.

"మీ పరికరానికి మీకంటే వయసెక్కువ!"

"దానికి నా కంటే ఓపిక కూడా ఎక్కువ. అందుకే నువ్వు ఏమన్నా పడి ఉంటుంది. ముప్ఫై రెండేళ్ళలో ఈ షెడ్డులోంచి ఒక్క తప్పు కొలత బయటికి వెళ్ళలేదమ్మాయ్."

"ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అన్నారు అత్తయ్య, ఎవరి పక్షమో తెలియకుండా. మా ఆయన మాత్రం కంచంలోంచి తల ఎత్తలేదు. ఇద్దరి కళ్ళద్దాలూ తన చేతిలోనే ఉన్నాయి కాబట్టి, ఎవరు ఓడినా అద్దాల నంబరు తప్పంటారని భయమట.

శనివారం మధ్యాహ్నం మామయ్య కునుకు తీస్తుంటే, వంటింటి కొక్కేనికున్న షెడ్డు తాళంచెవి తీసుకుని బయల్దేరాను. దొంగతనమేమీ కాదు. పుస్తకంలో ఒక్క అంకె చూసుకోవాలి. పరికరంతో పాటు ప్రతిచోటా ఒక తెల్ల పళ్ళేన్ని కూడా తాడుకి కట్టి నీళ్ళలోకి దించుతారు. అది ఏ లోతులో కంటికి కనబడకుండా పోతుందో రాస్తారు. నలుసులు ఎక్కువుంటే పళ్ళెం తొందరగా మాయమవుతుంది. దానికి కరెంటు వద్దు, చీకటి లెక్కా వద్దు, కాబట్టి అబద్ధమూ ఆడదు.

షెడ్డులో తాళ్ళు చుట్టలు చుట్టి, సీసాలు బారులు తీరి ఉన్నాయి. ఆ శుభ్రం చూస్తేనే నాకు చిరాకు. పుస్తకం తీశాను. బుధవారం పేజీ. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు: పళ్ళెం లోతు, నాలుగు మీటర్లు.

ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను, రేకులకి తల తగలబోయింది. పడవ చెప్పిన పదకొండే నిజమైతే పళ్ళెం ఏడు మీటర్ల దాకా కనబడాలి. నాలుగంటే ఇరవైకి సరిగ్గా సరిపోతుంది. నా ఉపగ్రహం నెగ్గింది, మామయ్య పరికరం ఓడింది! సోమవారం ఆయన ముందు ఈ పేజీ తెరిచి పెడితే ముఖం ఎలా పెడతారో తలచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నవ్వుతూనే పేజీ చివర అంటించి ఉన్న టేపుని చూశాను.

అంతకుముందు పేజీ తిప్పాను. ఆ ముందు పేజీ కూడా. ప్రతి పేజీలోనూ టేపు ముక్కకి రెండు చివరలూ కత్తెరతో కోసినట్టు తిన్నగా ఉన్నాయి. బుధవారం ముక్కకి ఒక చివర మాత్రమే అలా ఉంది. రెండో చివర చింపిరి చింపిరిగా, ఎవరో కొరికినట్టు ఉంది. ముక్క కూడా పొట్టిగా ఉంది.

పెట్టెలోంచి పరికరం తీసి, నల్లటి ముఖం మీద గోరుతో మెల్లిగా రాశాను. గాజు కిటికీ అంచు దగ్గర గోరు ఆగింది. నలుపు మీద నలుపు. కంటికి ఆనదు. వెలుతురు తిరిగివచ్చే కిటికీలో సగాన్ని ఒక టేపు పీలిక మూసేసి ఉంది. కిటికీ పూర్తిగా మూసుకుపోయి ఉంటే అంకెలు కదలకుండా ఉండేవి, ఎవరైనా కనిపెట్టేవారు. సగమే మూసుకుంది కాబట్టి నీళ్ళు మారినప్పుడల్లా అంకెలూ బుద్ధిగా పెరుగుతూ తగ్గుతూ వచ్చాయి, కాకపోతే సగమే వచ్చాయి.

మూల నుంచి మెల్లిగా లాగాలి, లేకపోతే చిరుగుతుంది. ఆయన పూర్తిచేయబోయిన మాట అదన్నమాట.

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. నా గింజ కింద నలుపు టేపు రూపంలో అంటుకుని ఉంది. వెంటనే పీకేయాలనిపించింది. కానీ సోమవారం అందరికీ చూపించాలి కాబట్టి దాని జోలికి వెళ్ళకుండా పెట్టె మూశాను.

తిరిగివస్తూ మా ఆయన కొట్లో కూలబడి సంగతంతా చెప్పాను. ఆయన చేతిలో ఉన్న ఫ్రేము పక్కన పెట్టి, గోడ మీద క్యాలెండరు కేసి చూశారు.

"ఏమిటి చూస్తున్నారు?"

"నువ్వు తప్పు చేశానని ఒప్పుకున్న తారీఖు. గుర్తు పెట్టుకుందామని."

"మీకు వేళాకోళంగా ఉంది! మామయ్యకి ఎలా చెప్పను?"

"నోటితో" అన్నారు.

ఆ నోరే రాలేదు. అన్నాల దగ్గర తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మూడు రోజులుగా ఆయన పరికరాన్నీ పద్ధతినీ వయసునీ పేరుపేరునా తిట్టిపోశాను కదా, ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? ఆదివారం పొద్దున మామయ్య టోపీ పెట్టుకుని, రేవు దాకా నడిచొస్తానని వెళ్ళి, గంటన్నరకి తిరిగివచ్చారు. ఆ పూట ఇంట్లో సముద్రం పేరు ఎవరూ ఎత్తలేదు. అత్తయ్య కంగారుపడి ముందు ఆయన నుదురు, తరువాత నా నుదురు చేయిపెట్టి చూశారు.

"ఒంట్లో బాగానే ఉందిగా ఇద్దరికీ? పోట్లాడుకోండర్రా, నాకు భయంగా ఉంది" అన్నారు.

సోమవారం డైరెక్టరమ్మ గదిలో బల్లకి ఒక పక్క నేను, ఒక పక్క మామయ్య. ఆయన ఒళ్ళో పుస్తకం, కాళ్ళ దగ్గర పరికరం పెట్టె. ఏం చెప్పాలో నేను బస్సులో వచ్చేటప్పుడు నాలుగుసార్లు వల్లెవేసుకున్నాను. నోరు తెరిచేలోపే ఆయన లేచి నిలబడ్డారు.

"మేడమ్, తప్పు పడవది. చీకటి లెక్క తీసినప్పటి టేపు కొంత చిరిగి కిటికీ మీద ఉండిపోయింది. నిన్న చూశాను. పదకొండు తప్పు కొలత. పుస్తకంలో సంతకం నాది, తప్పు నాది. అమ్మాయి లెక్కలో దోషం లేదు."

డైరెక్టరమ్మ ఆశ్చర్యంగా చూశారు. "మీరా? మీ చేతిలోనా?"

"వయసు మీద పడింది కదండీ" అన్నారు మామయ్య, నవ్వుతూ.

ఆవిడ కలం తీసి కాగితం మీద రాయడం మొదలుపెట్టారు.

దాచడమెందుకు, ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది నాకు. నా లెక్క గట్టెక్కింది. నాకు ఏ మచ్చా లేదు. ఆయన తనంతట తానే చెప్పారు, నేను అడగలేదు కదా. నోరు తెరవకుండా కూర్చుంటే చాలు, కావలసిందంతా ఒళ్ళో వచ్చి పడుతుంది. కానీ ఆవిడ కలం కదులుతూ ఉంది. ముప్ఫై రెండేళ్ళలో ఆ షెడ్డు మీద రాస్తున్న మొదటి తప్పు అది, రాయించింది నేను. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆయన అలాగే నిలబడి ఉన్నారు.

"ఆపండి మేడమ్!" అన్నాను. కొంచెం గట్టిగానే అరిచినట్టున్నాను, పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు. "సంతకం మామయ్యది. గోళ్ళు నావి."

"ఏ గోళ్ళు?"

అంతా చెప్పాను. పరికరం లాక్కోవడం, గుడ్డ వెతకనివ్వకపోవడం, చర్రున పీకడం, సాయంత్రం కడిగి పెట్టడం. మామయ్య మధ్యలో, "నేను చూసుకోవాల్సింది మేడమ్, ఇన్‌చార్జి నేను" అన్నారు. "మీరు చూడబోతే నేను చూడనిచ్చానా?" అన్నాను నేను. "నువ్వు చూడనివ్వకపోతే నేను ఊరుకోవాలా?" అని ఆయన. "ఊరుకోక ఏం చేస్తారు, నేను అరుస్తుంటే!" అని నేను.

డైరెక్టరమ్మ కలం కింద పెట్టేశారు. "ఆరేళ్ళుగా మీ ఇద్దరూ ఈ గదిలో తప్పు నీదంటే నీదని పోట్లాడుకోవడమే చూశాను. నాదంటే నాదని పోట్లాడుకోవడం ఇదే చూడటం" అని పగలబడి నవ్వారు. తరువాత తన ఎదుటే పట్టుకారుతో పీలికని పీకించి, "గురువారం ఆకాశం తేటగా ఉంటుందట. మళ్ళీ కొలవండి. అప్పుడు చూద్దాం" అన్నారు.

బయట వరండాలో ఆయన్ని ఆపేశాను.

"మీకు ఎలా తెలిసింది మామయ్యా?"

"మనింట్లో తాళంచెవి తిరగేసి తగిలించేది నువ్వొక్కదానివే. ఆదివారం పొద్దున చూశాను. ఇంత కష్టపడి ఏం చూసొచ్చిందా అని నేనూ వెళ్ళి పుస్తకం తెరిచాను."

"మరి తప్పు మీదని ఎందుకు చెప్పారు?"

"ఇంకో పన్నెండు రోజులుంటానమ్మా ఇక్కడ. ఆ మాట నా మీద పడితే నాతో పాటే షెడ్డులోంచి వెళ్ళిపోతుంది. నువ్వు ఇంకా ఇరవై ఏళ్ళు ఆ రెండో అంతస్తులో కూర్చోవాలి కదా."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఏడిపించినందుకు. "ఇంకోసారి ఇలాంటి పని చేస్తే ఊరుకోను" అన్నాను. "సరేలే, ముక్కు తుడుచుకో" అని జేబులోంచి పరికరం తుడిచే మెత్తటి గుడ్డ తీసి ఇచ్చారు.

గురువారం టేపు పీకే పని నాకే అప్పజెప్పారు. చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే నిలబడ్డారు. మూల నుంచి, మెల్లిగా, అంగుళం అంగుళంగా లాగుతుంటే నా ప్రాణం విసిగిపోయింది. గుడ్డతో తుడిచాను. ఎండకి ఏటవాలుగా పట్టి చూశాను. "ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి చూశాను. ఉపగ్రహం వచ్చే వేళకి ఇంకా ఆరు నిమిషాలు మిగిలే ఉన్నాయి. ఆ ఆరు నిమిషాలూ ఆయన ఆకాశం కేసి చూస్తూ, "ఏదమ్మా మీవాడు, ఇంకా రాలేదు?" అని అడుగుతూనే ఉన్నారు.

ఉపగ్రహం పంతొమ్మిది అంది. పడవ పదిహేడు అంది. డైరెక్టరమ్మ అదే రోజు నా కాగితం మీద సంతకం పెట్టారు. వచ్చే నెల నుంచి పటం బయటికి వెళుతుంది.

"ఆ పైన రెండూ గాలివి, ఇంకా కాస్త తీసెయ్యాలి" అన్నారు మామయ్య.

"మీ పరికరం పొద్దున్నే రెండు మింగింది" అన్నాను. అత్తయ్యకి ఫోన్లో చెబితే, పోట్లాట మళ్ళీ మొదలైందని ప్రాణం కుదుటపడిందన్నారు.

సాయంత్రం షెడ్డులో మామయ్య పాత కళ్ళద్దాల పెట్టె ఒకటి తెరిచారు. సోమవారం పీకిన టేపు పీలిక అందులో ఉంది. పుస్తకంలో కిందటి వారం బుధవారం పేజీ తీసి, చిరిగిన ముక్క పక్కన దాన్ని పళ్ళకి పళ్ళు కలిసేలా అంటించారు. టేపు మొత్తం పుస్తకంలోకి వచ్చేసింది. కింద తేదీ వేసి, కలం నాకిచ్చారు.

"దీనికి నువ్వు పెట్టు."

పెట్టాను. ముప్ఫై రెండేళ్ళ ఆ పుస్తకాలన్నిటిలోనూ ఆయనది కాని సంతకం అదొక్కటే.